ముక్కు నీడతో మొదలు

యూసుఫ్ కార్ష్ వెలుతురు పాఠం రెండు బడుల్లో చదివాడు. మొదటిది అమెరికాలోని బోస్టన్. 1920ల చివర్లో అక్కడ జాన్ గారో అనే పేరున్న పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ దగ్గర శిష్యరికం చేశాడు. గారోది పగటి వెలుతురు పని. మబ్బు పడితే ఆగాలి, పొద్దు వాలితే కెమెరా కట్టెయ్యాలి. రెండో బడి కెనడా రాజధాని ఒట్టావా. అక్కడ సొంత స్టూడియో పెట్టుకున్న కొత్తలో ‘ఒట్టావా లిటిల్ థియేటర్’ అనే నాటక సంస్థకు దగ్గరయ్యాడు. స్టేజీ మీద వేరే లోకం కనిపించింది. దర్శకుడు అడిగితే తెల్లవారుతుంది, అడిగితే చీకటి పడుతుంది. లైటు ఇటు నుంచి అటు మారేసరికి అదే ముఖం మీద దిగులు పోయి కోపం కనిపిస్తుంది. సూర్యుడి కోసం కాచుకు కూర్చోవడం నేర్చుకున్నవాడికి, వెలుతురును అడిగి తెప్పించుకోవచ్చని తెలిసింది అక్కడే.

చర్చిల్, ఐన్‌స్టీన్, హెమింగ్వే అనగానే లోకానికి గుర్తొచ్చే ముఖాల్లో ఆయన ఫొటోలు తప్పకుండా ఉంటాయి. ఆ నాటకశాలలో అబ్బిన చూపే వాటన్నిటికీ పునాది: లైటు కదిలినప్పుడు ముఖం మీద ఏం జరుగుతుందో కనిపెట్టడం.

స్టూడియో లైట్లు కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది లైటు వంకే చూస్తుంటారు. చూడాల్సింది ముక్కు పక్కన పడే నీడను. లైటు ఏ పక్కన ఉందో ఆ నీడ పడిన దిక్కు చెబుతుంది. ఎంత ఎత్తులో ఉందో నీడ పొడవు చెబుతుంది. ఎంత పెద్దదో నీడ అంచు చెబుతుంది. అంచు గీత గీసినట్టుంటే చిన్న లైటు, కరిగి చర్మంలో కలిసిపోతే పెద్ద లైటు. ఈ మూడూ చదవడం వస్తే ఏ పత్రిక ముఖచిత్రం చూసినా దాన్ని తీసిన లైటు ఎక్కడ నిలబడిందో చెప్పేయొచ్చు. ఈ అధ్యాయమంతా ఆ చదువు కోసమే.

ఒక్క లైటు చాలు

హైదరాబాద్ కోఠిలోనైనా, విజయవాడలోనైనా కెమెరా సామాన్ల కొట్టుకు వెళ్తే ముందుగా చూపించేది కిట్. రెండు లైట్లు, రెండు సాఫ్ట్‌బాక్సులు, రెండు స్టాండ్లు, ఒక బ్యాగు. ధర చూస్తే లాభసాటిగానే ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ రెండో లైటు అడ్డం. రెండు లైట్లు వెలిగితే ముక్కుకు రెండు నీడలు. ఏది ఏ లైటు పనో తేలదు. తేలక రెండింటినీ ముఖానికి చెరో పక్కన సమానంగా పెట్టేస్తారు. నీడలు మాయమైపోతాయి, నేర్చుకోవాల్సిన పాఠమూ వాటితోపాటే పోతుంది.

ఫ్లాషా, ఎల్‌ఈడీయా అన్నది తర్వాతి ప్రశ్న. ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నీడ కళ్లెదుటే కదులుతుంది. కొత్తవాళ్లకు అది పెద్ద సాయం. కానీ ఫ్లాష్‌తో పోలిస్తే దాని బలం తక్కువ. సాఫ్ట్‌బాక్స్ తొడిగేసరికి ఐఎస్‌ఓ పెంచక తప్పదు, బలమైనది పెడితే ఎదుటి మనిషి కళ్లు చికిలిస్తాడు. ఫ్లాష్ రెప్పపాటు కన్నా తక్కువ సేపు వెలిగి ఆరిపోతుంది, ఆ కాస్త క్షణంలోనే బోలెడంత వెలుగు పోస్తుంది. డబ్బు లెక్కచూసుకుని నేర్చుకునేవాళ్లకు ఒక మామూలు స్పీడ్‌లైట్, రేడియో ట్రిగ్గర్, స్టాండు, తెల్ల గొడుగు చాలా దూరం తీసుకెళ్తాయి. ఎల్‌ఈడీయే కొనేట్టయితే డబ్బా మీద, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అంకె చూడాలి, 95కు తగ్గకూడదు. నాసిరకం ఎల్‌ఈడీలో ముందు దెబ్బతినేది ఎరుపు. కుంకుమలోనూ పెదవుల్లోనూ చామనఛాయ చర్మంలోనూ ప్రాణం ఆ ఎరుపే.

మిగతా సామాను దుకాణంలో దొరకనక్కర్లేదు. తెలుగు సినిమా సెట్లలో లైట్‌మన్లు ఏళ్ల తరబడి వాడుతున్నవే చాలు. వెలుగును తిప్పికొట్టడానికి తెల్ల థర్మాకోల్ షీటు. వెలుగును మెత్తబరచడానికి తెల్లబట్ట బిగించిన చట్రం, సెట్‌లో దాన్ని స్కిమ్మర్ అంటారు. అక్కర్లేని చోట వెలుగు పడకుండా ఆపడానికి కట్టర్, అంటే నల్ల అట్ట.

గది సంగతి కూడా ముందే చూసుకోవాలి. మన ఇళ్లలో గోడలకు లేత ఆకుపచ్చో, గులాబీ రంగో, పసుపో వేస్తారు. గొడుగులోంచి చిమ్మిన వెలుగు ఆ గోడలకు తగిలి, వాటి రంగు పూసుకుని వచ్చి బుగ్గ మీద పడుతుంది. ముఖం ఎందుకు పచ్చగా పాలిపోయిందో తెలియక ఫొటోషాప్‌లో గంటలు గడిపేవాళ్లు చాలామంది. ముఖానికి నీడ పక్కన రెండడుగుల దూరంలో నల్ల గొంగడి వేలాడదీస్తే గోడ నుంచి తిరిగొచ్చే వెలుగు ఆగిపోతుంది, దవడ గీత పదునెక్కుతుంది. ఎడిటింగ్‌లో ఎంత కష్టపడినా ఆ ఫలితం రాదు. ట్యూబ్‌లైట్లు ఆపెయ్యాలి. ఫ్లాష్ రంగు వేరు, వాటి రంగు వేరు. రెండూ ఒకే ముఖం మీద కలిస్తే సరిదిద్దడం కష్టం.

జాగ్రత్త మాట ఒకటి. గొడుగో సాఫ్ట్‌బాక్సో తగిలించిన స్టాండుకు ఫ్యాను గాలి చాలు పడిపోవడానికి. కాలికి ఇసుక సంచి వెయ్యందే లైటు పైకెత్తకూడదు. వైర్లను నేలకు టేపుతో అంటించాలి. పాడైన ఫ్లాష్‌ను ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు.

చీకటి ఫ్రేమ్, కోడిగుడ్డు

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 8, షట్టర్ సెకనులో 125వ వంతు ఉంచి, ఫ్లాష్ వెలిగించకుండా మొదటి ఫొటో తీయాలి. అది నల్లగా రావాలి. నల్లగా వచ్చిందంటే గదిలోని వెలుతురుకు ఈ ఫొటోలో వాటా లేదన్నమాట. ఇక ముఖం మీద పడే ప్రతి వెలుగూ మనం పెట్టిన లైటు నుంచి వచ్చిందే. ఆపైన ఫ్లాష్ వెలిగించి, బలం పెంచుతూ తగ్గిస్తూ ఎక్స్‌పోజర్ కుదుర్చుకోవాలి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు షట్టర్. ఫ్లాష్ వెలుగు షట్టర్ వేగంతో మారదు, ఎందుకంటే షట్టర్ తెరుచుకున్న ఆ కాస్త వ్యవధిలోనే ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది. ఫ్లాష్ వెలుగును అదుపు చేసేవి అపర్చర్, ఐఎస్‌ఓ, లైటు బలం, లైటు దూరం. షట్టర్ అదుపు చేసేది గదిలోని మిగతా వెలుతురును. అయితే షట్టర్‌కూ ఒక హద్దుంది. చాలా కెమెరాల్లో సెకనులో 200వ వంతో, 250వ వంతో దాటితే సెన్సర్ ముందుండే షట్టర్ తెరలు రెండూ ఏ క్షణంలోనూ పూర్తిగా తెరుచుకుని ఉండవు. అప్పుడు ఫొటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. కెమెరా చెడిపోయిందేమోనని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తేముందు షట్టర్ అంకె చూసుకోవాలి.

మొదటి మోడల్ మనిషి కాకపోతేనే మంచిది. మనిషి అలిసిపోతాడు, మొహమాటపడతాడు, పావుగంటకు టీ అడుగుతాడు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఒక కోడిగుడ్డు, పక్కన తళతళ తోమిన ఇత్తడి చెంబు పెట్టాలి. ఈ రెండూ చాలా నేర్పుతాయి. గుడ్డు పెంకు నునుపు మెరుపు లేనిది. వెలుగు దాని మీద పడి అన్ని వైపులకూ చెదిరిపోతుంది, అందుకే వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారే దారి దాని మీద స్పష్టంగా కనిపిస్తుంది. చెంబు అద్దంలాంటిది. దాని మీద వెలుగు పడిందా లేదా అనే ప్రశ్నే లేదు, లైటు బొమ్మ కనిపిస్తుందా లేదా అన్నదే ప్రశ్న. లైటును కదిపితే గుడ్డు మీద నీడ జరుగుతుంది, చెంబు మీద లైటు ప్రతిబింబం జరుగుతుంది. గొడుగు పెడితే చెంబులో గొడుగు కనిపిస్తుంది, కమ్మీలతో సహా.

మనిషి ముఖంలో ఈ రెండూ ఉన్నాయి. బుగ్గ గుడ్డులా ప్రవర్తిస్తుంది. చెమట పట్టిన నుదురు, కంటి గుడ్డు, ముక్కుపుడక, కళ్లజోడు చెంబులా ప్రవర్తిస్తాయి. ఈ తేడా చేతికి అందాక సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

ముఖం చుట్టూ ఒక ప్రదక్షిణ

ఇప్పుడు మనిషిని కూర్చోబెట్టొచ్చు. ఇంట్లోవాళ్లలో ఓపికున్న ఒకరిని ఎంచుకుని, గోడకు ఆరడుగులు ముందు ఒక స్టూలు వేసి, లైటును కెమెరాకు సరిగ్గా పైన, ముఖం కన్నా ఎత్తులో ఉంచి మొదలుపెట్టాలి. ముక్కు కింద, పై పెదవికి కొంచెం ఎగువన చిన్న నీడ పడుతుంది. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుందని దీనికి బటర్‌ఫ్లై లైటింగ్ అని పేరు. 1930ల హాలీవుడ్‌లో పారమౌంట్ స్టూడియో తన తారలను, ముఖ్యంగా మార్లిన్ డీట్రిచ్‌ను, ఇలా చూపించేదని పారమౌంట్ లైటింగ్ అని కూడా అంటారు. బుగ్గల కింద సన్నగా నీడ పడి చెంప ఎముకలు తేలుతాయి. లైటు మరీ ఎత్తుకు పోతే కళ్లు గుంటల్లో పడతాయి, ముక్కు నీడ పెదవిని తాకుతుంది. అది తాకే లోపే లైటు దించాలి.

లైటును పక్కకు జరిపితే ముక్కు నీడ చెంప మీదికి వంకరగా జారుతుంది. దీన్ని లూప్ లైటింగ్ అంటారు. పెళ్లి సంబంధాల ఫొటో దగ్గర్నుంచి కంపెనీ ఐడీ కార్డు దాకా పనికొచ్చే స్థానం ఇది, దాదాపు ఏ ముఖానికైనా నప్పుతుంది. ఇంకాస్త జరిపితే ముక్కు నీడ, చెంప నీడ కలిసిపోయి నీడ పక్క కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగులుతుంది. అది రెంబ్రాంట్ లైటింగ్. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ముఖాల్లో కనిపించే వెలుగు కాబట్టి ఆ పేరు.

ఈ పేరు సినిమాల్లోకి రావడం వెనక ఒక ముచ్చట చెప్పుకుంటారు. 1915లో దర్శకుడు సెసిల్ బి. డెమిల్ ‘ది వారెన్స్ ఆఫ్ వర్జీనియా’ అనే మూగ సినిమాలో నటుల ముఖాలను సగం చీకట్లో ఉంచాడు. వ్యాపార భాగస్వామి గోల్డ్‌విన్ కంగారుపడి, సగం ముఖమే చూపిస్తే ప్రదర్శకులు సగం డబ్బే ఇస్తారని గోలపెట్టాడట. ఇది రెంబ్రాంట్ లైటింగ్ అని వాళ్లకు చెప్పమని డెమిల్ జవాబు. అలాగైతే రెట్టింపు వసూలు చేయొచ్చని అవతలి మనిషి స్థిమితపడ్డాడట.

లైటు పూర్తిగా పక్కకు, చెవికి సూటిగా వచ్చేసరికి ముఖం నిలువునా రెండు చెక్కలవుతుంది. నీడ పక్క కన్ను చీకట్లోకి వెళ్లిపోతుంది. కళ నిండిన ముఖానికి, నాటకీయత కావాల్సిన చోట ఇది బాగుంటుంది. ఆడుతూ పాడుతూ ఉండే పిల్లవాడిని ఇలా తీస్తే వాడికి అన్యాయం చేసినట్టే.

ఈ ప్రదక్షిణలో ఒక నియమం గట్టిగా పాటించాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. లైటు పక్కకు జరిపినప్పుడు ఎత్తు మార్చకూడదు, ఎత్తు మార్చినప్పుడు దూరం మార్చకూడదు. ప్రతి ఫొటోకూ లైటు ఎక్కడుందో ఒక నోట్‌బుక్‌లో పైనుంచి చూసినట్టు బొమ్మ గీసుకోవాలి. ముఖం గడియారం మధ్యలో, కెమెరా 6 దగ్గర ఉన్నాయనుకుంటే లైటు 5 దగ్గరా, 4 దగ్గరా అని రాసుకుంటే చాలు. దూరాన్ని కొలిచే టేపుతోనే కొలవాలి, కంటితో అంచనా వేయకూడదు. ఎందుకో కింద చూద్దాం.

టేపు ఎందుకంటే

దూరం రెట్టింపైతే వెలుగు సగమవుతుందని అనిపించడం సహజం. నిజానికి నాలుగో వంతవుతుంది. దూరం మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. స్కూల్లో భౌతికశాస్త్రం పుస్తకంలో చదివి మరిచిపోయిన ఈ సూత్రం, స్టూడియోలో రోజూ తగిలే సంగతి.

మనిషి గోడకు ఆరడుగులు ముందు కూర్చున్నాడు. లైటు ముఖానికి మూడడుగుల దూరంలో, మనిషికి ఇవతలి వైపు ఉంది. అంటే గోడకు తొమ్మిది అడుగులు. ముఖం మీద పడే వెలుగులో తొమ్మిదో వంతే గోడ మీద పడుతుంది. తెల్ల గోడ కూడా ఫొటోలో ముదురు బూడిద రంగులోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు లైటును వెనక్కి లాగి ముఖానికి తొమ్మిది అడుగుల దూరంలో పెట్టి, బలం పెంచి, ముఖం వెలుగు మునుపటిలాగే ఉండేట్టు చూద్దాం. గోడకు పదిహేను అడుగులైంది. గోడ మీద పడేది ముఖం మీది వెలుగులో మూడో వంతుకు పైనే. అదే గోడ ఇప్పుడు లేత బూడిద రంగులో కనిపిస్తుంది. గోడకు రంగు వెయ్యలేదు, తెర మార్చలేదు. బ్యాక్‌గ్రౌండ్ రంగు మార్చడానికి టేపు చాలింది. బ్యాక్‌డ్రాప్ తెరల మీద డబ్బు పెట్టేముందు ఈ ప్రయోగం ఒకసారి చేసి చూడటం మంచిది.

ముఖం మీద కూడా ఇదే లెక్క. లైటు దగ్గరి చెంపకు అడుగున్నర దూరంలో ఉంటే, ఇంకో ఆరంగుళాలు అవతల ఉన్న చెవి దగ్గరికి చేరే వెలుగు సగం కన్నా కాస్త ఎక్కువ. లైటు ఆరడుగుల్లో ఉంటే అదే చెవికి 85 శాతం చేరుతుంది. దగ్గరి లైటు ముఖంలో లోతు తెస్తుంది, దూరపు లైటు సమంగా పరుచుకుంటుంది. గుంపు ఫొటోలో లైటును వెనక్కి లాగేది అందుకే. లేకపోతే చివర నిలబడిన బావగారు చీకట్లో పడతారు.

లైటు మెత్తదనం కూడా దూరంతోనే ముడిపడి ఉంది. సూర్యుడి వ్యాసం దాదాపు 13.9 లక్షల కిలోమీటర్లు. అంతటి లైటు మరొకటి మనకు దొరకదు. అయినా మిట్టమధ్యాహ్నం ఎండలో ముక్కు నీడ కత్తితో కోసినట్టుంటుంది, ఎందుకంటే ఆ లైటు 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. ముఖం నుంచి చూస్తే అది ఆకాశంలో చిన్న చుక్క. మూడడుగుల సాఫ్ట్‌బాక్స్ మూడడుగుల దూరంలో ఉంటే ముఖానికి అది కిటికీ అంత కనిపిస్తుంది, నీడలు కరుగుతాయి. దాన్నే పన్నెండు అడుగుల అవతలికి జరిపితే అందులోని మెత్తదనం చాలావరకు పోతుంది. సాఫ్ట్‌బాక్స్ కొన్నా మెత్తగా రావట్లేదని బాధపడేవాళ్లు చాలావరకు దాన్ని ఫ్రేమ్‌లో కనిపించకుండా మరీ దూరంగా పెట్టినవాళ్లే.

మన చర్మం, మన పట్టు

కెమెరా లోపలి మీటరు ఎదురుగా ఏముందో తెలుసుకోలేదు. ఎదురున్నది మధ్యరకం బూడిద రంగనుకుని లెక్క వేస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషిని చూపిస్తే, ఇంత తెలుపు ఉండకూడదని ఫొటోను చీకటి చేస్తుంది. ముఖం ఇంకా నల్లబడుతుంది. నల్ల కోటు వేసుకున్న పెళ్లికొడుకును చూపిస్తే తిరగబడి ముఖాన్ని పాలిపోయేట్టు చేస్తుంది. అందుకే స్టూడియోలో చేతి మీటరును ముఖం దగ్గర పెట్టి, పడే వెలుగునే కొలుస్తారు. అది లేనివాళ్లు ఒక గ్రే కార్డు పట్టించి ఒక ఫొటో తీసి, హిస్టోగ్రామ్ చూసుకుని, ఆ అంకెల మీదే నిలబడాలి. తర్వాత మనిషి చొక్కా మార్చినా అంకెలు మార్చకూడదు.

రంగు గురించి ఇంకో మాట సూటిగా చెప్పాలి. దశాబ్దాల పాటు ఫిల్మ్ ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి వాడిన నమూనా కార్డుల మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయిలే. వాటిని ‘షర్లీ కార్డులు’ అనేవారు. మన దగ్గర స్టూడియోల్లో ముఖాన్ని రెండు మెట్లు తెల్లబరిచి ఇచ్చే అలవాటు ఇప్పటికీ పోలేదు. చామనఛాయ ముఖంలో అందం ఉండేది మెరుపులో. నల్లటి చర్మం వెలుగును తక్కువగా చెదరగొడుతుంది, పైపొర మెరుపు ఎక్కువగా కనిపిస్తుంది. అంటే అది గుడ్డు కన్నా చెంబుకు దగ్గర. అలాంటి ముఖాన్ని వెలిగించడానికి బలం పెంచడం దారి కాదు. పెద్ద లైటును పక్క నుంచి, దగ్గరగా పెట్టి, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద పొడుగాటి మెత్తని మెరుపు పడేట్టు చూసుకోవాలి. ఆ మెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. చర్మం రంగు చర్మం రంగుగానే మిగులుతుంది.

మే నెలలో నుదుటి మీద చెమట మెరుపు వేరే సమస్య. అది చిన్న తెల్ల మచ్చలా కాలిపోయి కనిపిస్తుంది. ముందు టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. తర్వాత కాస్త పౌడర్. అప్పటికీ మెరిస్తే లైటును కొద్దిగా జరిపి ఆ ప్రతిబింబం కెమెరా వైపు రాకుండా చూడాలి. కళ్లజోడుకూ ఇదే మందు: లైటు పైకి, గడ్డం కొంచెం కిందికి, జోడు కాడలు చెవుల మీద అర అంగుళం పైకి.

పట్టుచీర పక్క వెలుగులోనే పలుకుతుంది. ఎదురు నుంచి ఫ్లాష్ కొడితే కంచి పట్టైనా పోచంపల్లి ఇక్కత్ పట్టైనా ఒకేలా చదునుగా కనిపిస్తాయి. జరీ అంచు తెల్లటి గీతలా కాలిపోతుంది. లైటును పక్కకు తెచ్చేసరికి మడతల్లో నీడలు చేరతాయి, కుచ్చిళ్లు విడివిడిగా తేలతాయి, జరీలో బంగారు రంగు తిరిగొస్తుంది. కెమెరా తెర మీద కాలిపోయిన చోట్లను చూపించే ‘బ్లింక్’ హెచ్చరిక పెట్టుకుంటే జరీ చుక్కలు, ముక్కుపుడక రాయి మినుకుమినుకుమన్నా ఫర్వాలేదు. నుదురు మినుక్కుమంటే మాత్రం ఆగి లైటు తగ్గించాలి.

పాస్‌పోర్ట్ లైటు, అమ్మమ్మ ముఖం

పాస్‌పోర్ట్ ఫొటోకు రెండు లైట్లు చెరో పక్క సమానంగా పెట్టడం సరైన పనే. ఆ ఫొటో పని ముఖాన్ని గుర్తుపట్టించడం. నీడ ఉండకూడదు, వెనక తెలుపు ఉండాలి. మన ఊళ్లలో స్టూడియో నడిపేవాళ్లు ఆ పని ఎంతో చురుగ్గా, పది నిమిషాల్లో ప్రింటు చేతిలో పెట్టేంత నేర్పుగా చేస్తారు. చిక్కల్లా అవే రెండు లైట్లు కదలకుండా ఉండిపోయి, పెళ్లికూతురికీ షష్టిపూర్తి దంపతులకూ కూడా పాస్‌పోర్ట్ లైటే పడటం.

ఇంట్లో పెద్దవాళ్లు కాలం చేసినప్పుడు, గోడకు పెట్టడానికి ఒక్క మంచి ఫొటో దొరకక, పెళ్లి గుంపులోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించే ఇళ్లు ఎన్నో. ఆధార్ కార్డు మీది బొమ్మే ఆధారమైన ఇళ్లూ ఉన్నాయి. లైట్లు నేర్చుకునేవాళ్లు తొలి ఏడాదిలోనే ఇంట్లో పెద్దలందరినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి తీస్తే, నేర్చుకున్న విద్యకు అంతకు మించిన సార్థకత ఉండదు.

పెద్దవాళ్ల ముఖం దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. పక్క నుంచి చిన్న లైటు పెడితే ప్రతి ముడతా లోతుగా చెక్కినట్టు వస్తుంది. పొలం పనిలో పండిన తాతయ్య ముఖానికి అది గౌరవంగా ఉండొచ్చు. అమ్మమ్మకు నచ్చకపోవచ్చు. పెద్ద లైటును ముఖానికి ఎదురుగా, కాస్త పైన పెట్టి, ఒళ్లో తెల్ల థర్మాకోల్ ముక్క ఉంచితే గడ్డం కింద, కళ్ల కింద నీడలు తేలికపడతాయి. రెండు రకాలుగానూ తీసి ఆమెకే చూపించి అడగాలి. ఫొటో ఆమెది.

ఎవరిని తీసినా, వాళ్లు వచ్చి కూర్చునేలోపే లైట్లు సిద్ధంగా ఉండాలి. 1941 డిసెంబర్ 30న ఒట్టావాలో చర్చిల్ ఫొటో తీసిన కార్ష్, అంతకు ముందు రోజు సాయంత్రమే కెనడా పార్లమెంటు స్పీకర్ గదిలో లైట్లు, కెమెరా సిద్ధం చేసుకున్నాడు. ప్రసంగం ముగించి వచ్చిన చర్చిల్‌కు ఫొటో ఉందన్న సంగతే తెలియదు, చిరాకుపడుతూ ఒక్క ఫొటోకు ఒప్పుకున్నాడు. నోట్లోని చుట్ట తీయడానికి ఒప్పుకోకపోతే కార్ష్ ముందుకెళ్లి మర్యాదగా దాన్ని లాగేసి, వెంటనే షట్టర్ నొక్కాడు. ఆ కోపపు చూపు యుద్ధకాలపు బ్రిటన్‌కు గుర్తుగా నిలిచిపోయింది. చుట్ట కథ అందరూ చెబుతారు. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా పనికొచ్చేది ముందు రోజు సాయంత్రం కథ. చర్చిల్ వచ్చాక ఆ గదిలో లైట్లతో కుస్తీ పడే తీరిక కార్ష్‌కు అప్పుడు లేదు, ఉండాల్సిన అవసరమూ లేకుండా చేసుకున్నాడు. కూర్చోబోయే మనిషి రాకముందే వేరొకరిని అదే ఎత్తులో కూర్చోబెట్టి లైటు, దూరం, ఎక్స్‌పోజర్ కుదుర్చుకోవాలి. మనిషి వచ్చాక కెమెరా తెర వంక చూస్తూ గొణుక్కునే ఫొటోగ్రాఫర్ ముందు ఎవరి ముఖమూ విచ్చుకోదు.

ఎదుటివాళ్లు నెమ్మదించడం లైటుతో సమానమైన విషయమని మన ప్రాంతంలో ఒకరు చాలా ముందే గ్రహించారు. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ల ముందు ఫొటోకు కూర్చోరు కనక, 1892లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో వాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు.

రెండో లైటు ఎప్పుడు

ఒక్క లైటుతో తీసిన ఫొటోల్లో ఒక లోటు పదే పదే కనిపించడం మొదలైనప్పుడే రెండోది కొనాలి. ఎక్కువమందికి ఆ లోటు జుట్టు దగ్గర ఎదురవుతుంది. ముదురు తెర ముందు నల్లటి జడ ఎక్కడ ముగిసిందో తెలియదు, తల గోడలో కలిసిపోతుంది. నీడ పక్క మరీ చీకటిగా ఉండటం మాత్రం రెండో లైటు కొనడానికి కారణం కాదు, దానికి థర్మాకోల్ చాలు. షీటును నీడ పక్క బుగ్గకు దగ్గరగా తెస్తే నీడ తేలికవుతుంది, వెనక్కి లాగితే బరువెక్కుతుంది.

ఈలోగా పత్రికల ముఖచిత్రాల్లో కంటిపాప మీది తెల్ల చుక్కలను చూడటం అలవాటు చేసుకోవాలి. గుండ్రంగా ఉంటే గొడుగో బ్యూటీ డిషో, నలుచదరంగా ఉంటే సాఫ్ట్‌బాక్సో కిటికీయో. గడియారంలో 10 దగ్గరుంటే లైటు బొమ్మకు ఎడమ పక్కన పైన ఉన్నట్టు. కింద 6 దగ్గర ఇంకో మసక చుక్క ఉంటే ఒళ్లో రిఫ్లెక్టర్ పెట్టారన్నమాట. రోజుకు ఒక ఫొటో చదివి నోట్‌బుక్‌లో లైటు బొమ్మ గీసి, మర్నాడు ఇంట్లో అదే పెట్టి చూస్తే ఊహ ఎంత నిజమైందో తేలిపోతుంది.

రెండో లైటు వచ్చాక దాన్ని మనిషికి వెనక, పక్కగా, తల కన్నా ఎత్తులో పెట్టి, ముందు లైటు ఆపేసి అదొక్కటే వెలిగించి ఒక ఫ్రేమ్ తీయాలి. చీకట్లో జుట్టు అంచు, భుజం అంచు మాత్రమే సన్నగా వెలగాలి. ముక్కు కొన మీద కూడా వెలుగు చుక్క కనిపిస్తుంటే స్టాండును ఇంకాస్త వెనక్కి జరపాలి. కెమెరా లెన్స్‌లోకి సూటిగా పడి ఫొటో మసకబారుతుంటే లైటుకూ లెన్స్‌కూ మధ్య నల్ల అట్ట ముక్క అడ్డం పెట్టాలి. బలం ముందు లైటు కన్నా తక్కువతో మొదలుపెట్టి, అంచు కనిపించీ కనిపించనట్టు ఉండే దాకా మాత్రమే పెంచి, అప్పుడు ముందు లైటు మళ్లీ వెలిగించాలి.